మా అబ్బ కత్తికి బఫింగ్ చేయించాను

పోయిన వారం మా మామ ఒక వీడియో పంపించాడు. తుప్పు పట్టి ముద్దయిపోయిన ఒక మడత కత్తిని ఎవరో ఆసిడ్‌లో నానబెట్టి, ఎమరీ బెల్టు మీద రుద్ది, పాత పిడి పీకేసి కొత్త చెక్క వేసి, ఆఖరికి బ్లేడులో మొహం చూసుకునేంత మెరుగు పెట్టి, దాంతో కాగితాన్ని నిలువునా కోసి చూపిస్తాడు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట ఉండదు. కింద మామ రాసింది ఒకటే: "నీ దగ్గరుండేవాటిని కూడా ఇట్లా చేయించరాదా అల్లుడూ? ఎంత బాగుంటాయి!"

జవాబు రాయబోయి ఆగిపోయాను. ఎందుకంటే ఆ పని నేను ఒకసారి చేయించాను, అది కూడా మా ఇంట్లో ఉన్న కత్తులన్నిటిలోకి పోగొట్టుకోకూడని కత్తికి. మామకు రెండు ముక్కల్లో చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పాత జేబుకత్తిని మెరిపించకూడదు. దాచుకునేవాళ్ళు అస్సలు మెరిపించకూడదు. దీనికి ఎదురు మాటలు చాలా ఉన్నాయి, కొన్నింటికి నా దగ్గర గట్టి జవాబు కూడా లేదు. అయినా ఈ మాట మీదే ఉంటాను.

అంటు కత్తి

మాది పులివెందుల పక్క పల్లె. చీనీ (బత్తాయి) తోటల ఊరు. మా అబ్బ, అంటే మా తాత, సొంత తోట కంటే ఎక్కువగా ఊళ్ళో వాళ్ళ మొక్కలకు అంటు కట్టేవాడు. జంబేరి మొక్కో రంగపూర్ నిమ్మ మొక్కో పెన్సిల్ లావు అయ్యాక, నేల మీద నుంచి జానెడు ఎత్తులో బెరడు మీద అడ్డంగా ఒక గాటు, దాని కింద నిలువుగా ఒక గాటు. ఆ తర్వాత కత్తి రెండో కొస తిప్పి బెరడును రెండు పక్కలా తలుపు రెక్కల్లా లేపి, మంచి చీనీ చెట్టు నుంచి కోసిన కన్నును (మొగ్గను) లోపలికి జారవిడిచి కట్టు కట్టేవాడు. గాటు ఒక్క వేటున పడాలి. వాదర మొద్దుగా ఉంటే బెరడు తెగదు, చిరుగుతుంది, చిరిగిన చోట కన్ను పట్టదు. అందుకని ఆయన ఎవరికీ ఆ కత్తి ఇచ్చేవాడు కాదు. మా చిన్నాయనకు మాత్రం ఇచ్చేవాడు, పని నేర్పించడానికి.

కత్తి మూస్తే అరచేతిలో పట్టేది. ఒక పక్క బ్లేడు, ఇంకో పక్క బెరడు లేపడానికి నున్నటి ఎముక నాలుక. పిడి ఎప్పుడో నల్లబడింది. బ్లేడు నీలం కలిసిన నలుపు రంగులో ఉండేది, నిమ్మజాతి పులుపు ఏళ్ళ తరబడి తగిలి తగిలి. బ్లేడు పిడిలో కలిసే చోట, గోటితో తడిమితే తెలిసేటంత చిన్న ముద్ర: ఒక నక్షత్రం, దాని పక్కన నాలుగు రెక్కల పువ్వులాంటిది. చిన్నప్పుడు నేను దాన్ని పువ్వే అనుకున్నాను.

సాయంత్రం బావి దగ్గర కూర్చుని నూరేవాడు. ముందు సానరాయి మీద నాలుగు పట్లు, తర్వాత తొట్టి పక్కన పరిచిన కడప బండ అంచున నీళ్ళు చల్లి చాలాసేపు. ఆ బండ సున్నపురాయి, ఉక్కు కంటే మెత్తన, దాని మీద కత్తి పెద్దగా అరగదు, చివరి నునుపు మాత్రం వస్తుంది. కత్తి కంటే బండే ఎక్కువ అరిగింది. ఆ అంచున బొటనవేలు పట్టేంత పల్లం ఇప్పటికీ ఉంది.

బఫింగ్ అంగడి

అబ్బ పోయిన చాలా ఏళ్ళకు, ఆయన ట్రంకుపెట్టెలో గుడ్డపేలిక చుట్టి ఉన్న కత్తి నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు కత్తులు పోగు చేసే అలవాటు కొత్తగా పట్టుకుంది. ఫ్రాన్సు వాళ్ళ ఓపినెల్ ఒకటి, జపాన్ వాళ్ళ హిగొనొకామి ఒకటి, తిరునాళ్ళలో కొన్న ఇత్తడి చేప చాకులు రెండు, లారీ కమాను పట్టీతో ఒక కమ్మరి చేసిచ్చిన మడత కత్తి ఒకటి. వాటి మధ్య అబ్బ కత్తి నల్లగా, మాసిపోయి కనిపించింది. అక్కడక్కడా ఎర్ర తుప్పు చుక్కలు కూడా ఉన్నాయి. కడపలో బండ్ల సైలెన్సర్లకు, స్టీలు గేట్లకు బఫింగ్ చేసే, అంటే తిరిగే చక్రం మీద రుద్ది మెరుగు పెట్టే అంగడికి తీసుకుపోయాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్లోడు చాలా శ్రద్ధగా చేశాడు, ఆ మాట చెప్పాలి. అద్దంలా చేసి, తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. ఇంటికి వచ్చేదాకా దారంతా తెరిచి మూసి చూసుకుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారం ఊరికి పోయి చిన్నాయన చేతిలో పెట్టాను. ఆయన తెరిచాడు, మూశాడు, బొటనవేలితో వాదర అడ్డంగా తడిమాడు. "బాగుంది. ఎవరిదిరా ఇది?" అన్నాడు.

నేను చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు ఆ కత్తి పక్కన కూర్చుని, దానితోనే పని నేర్చుకున్న మనిషి దాన్ని గుర్తుపట్టలేదు. ఇంకోసారి తిప్పి చూసి, ముద్ర ఉండాల్సిన చోట గోరు పెట్టి, "ఈడ ఏందో పువ్వు ఉండల్ల గదా" అన్నాడు. ఆయన కూడా పువ్వనే అనుకున్నాడన్నమాట.

రాత్రి లైటు కింద చూస్తే ఆ చోట నున్నగా ఉంది. ఏమీ లేదు. వాదర పక్కన, మొన దగ్గర, గోరంత మేర నీలిరంగు కూడా కనిపించింది. అప్పుడు దాని సంగతి నాకు తెలియదు. గట్టిపరిచిన ఉక్కు 200 డిగ్రీలు దాటి వేడెక్కితే గడ్డిరంగు తిరుగుతుంది, 300 దగ్గరికి వస్తే నీలం తిరుగుతుంది, అంత వేడి తగిలిన చోట గట్టిదనం పోతుంది. వాదర అంటే కాగితం లాంటి అంచు, చక్రం మీద రెండు క్షణాలు ఆగితే చాలు. పులుపు వల్ల వచ్చిన నీలం ఉక్కుకు మేలు చేస్తుంది, ఈ నీలం దాని ప్రాణం తీస్తుంది. తర్వాత చిన్నాయన ఆ కత్తితో ఒక మొక్క మీద గాటు పెట్టి చూశాడు. మొదటి గాటు బాగానే పడింది. నాలుగో మొక్కకు బెరడు చిరిగింది.

ఇంకా కొన్నాళ్ళకు, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో చేసే కత్తుల ముద్రల గురించి చదువుతుంటే ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. నక్షత్రం, పక్కన నాలుగు రెక్కల మాల్టీస్ శిలువ. జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ గుర్తు. నేను పువ్వనుకున్నది అదేనా? కావచ్చు. ఆ గుర్తుకు నకళ్ళు కూడా చాలా ఉండేవి కాబట్టి మన దేశంలోనే ఎవరో చేసిన నకలూ కావచ్చు. ముద్ర ఉండుంటే భూతద్దంతో చూసి గుర్తుల పొందిక, అచ్చు లోతు బట్టి తేల్చుకునేవాణ్ణి. అబ్బకు అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ కాలంలో వచ్చిందో కొంతైనా తెలిసేది. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. అది నేనే మూసేశాను.

కత్తిని ఎక్కడ చూడాలి

అప్పటి నుంచి కత్తి చూసే తీరు మారింది. ఎవరైనా పాత కత్తి చేతికిస్తే పదును చివర చూస్తాను, పదును ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ముందు చూసేది బ్లేడు మొదలు. అక్కడ ఉండే నాలుగు అక్షరాలే దాని పుట్టిన తేదీ. రోడ్జర్స్ కత్తి మీద కిరీటంతో పాటు వి.ఆర్. అని ఉంటే అది విక్టోరియా రాణి కాలం, అంటే 1901కి ముందుది, జి.ఆర్. అని ఉంటే జార్జి రాజులది. ఇంగ్లండ్ అని దేశం పేరు కొట్టి ఉంటే సాధారణంగా 1890 తర్వాతది, ఎందుకంటే దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసింది ఆ ఏడాదే. స్టెయిన్‌లెస్ అని ఉంటే, షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఆ ఉక్కు తయారుచేసింది 1913లో, కాబట్టి అంతకు ముందుది అయ్యే అవకాశమే లేదు. స్విస్ కత్తి మీద విక్టోరియా అని మాత్రమే ఉండి, వెనక ఇనాక్స్ తగిలి విక్టోరినాక్స్ కాకపోతే అది 1921కి ముందుది. అమెరికా కేస్ కంపెనీ వాళ్ళు 1970లో పది చుక్కలు కొట్టి, ఏడాదికొక చుక్క తీసేస్తూ పోయారు. ఆ వరుసలో నాలుగు చుక్కలుంటే 1976. ఓపినెల్‌కు అయితే ముద్ర చూడక ముందే తెలుస్తుంది, మెడ దగ్గర తిరిగే ఉంగరం వచ్చింది 1955లో. ఇవన్నీ వెంట్రుకవాసి లోతున్న గుర్తులు. బఫింగ్ చక్రం ముందు ఎంతసేపు నిలుస్తాయి?

తర్వాత వీపు చూస్తాను. మూసినప్పుడు, తెరిచినప్పుడు స్ప్రింగు పిడితో సమంగా ఉందా, పొడుచుకొచ్చిందా, లోపలికి దిగిందా. వెలుతురుకు ఎదురు పట్టుకుంటే స్ప్రింగుకూ పక్క రేకులకూ మధ్య సందులోంచి వెలుగు కనపడుతుందా. బ్లేడు పట్టుకుని పక్కలకు కదిపితే ఊగుతుందా. తెరిచేటప్పుడు వేలికి తెలిసే బిగువు, చివర వినిపించే టక్ అనే శబ్దం, ఈ రెంటినీ అమెరికాలో సేకరించేవాళ్ళు కత్తి నడక, కత్తి మాట అంటారు. ఎంత సరైన పేరు పెట్టారో! స్ప్రింగు సడలిన కత్తికి నిజంగానే మాట పడిపోతుంది. హిగొనొకామికి స్ప్రింగే ఉండదు, మేకు బిగువు మీదే నిలబడుతుంది, దాన్ని ఇదే కొలతతో కొలవకూడదు.

ఆఖర్న అరుగుదల. గోరు పెట్టి తెరిచే గాడికీ వాదరకూ మధ్య ఎంత ఉక్కు మిగిలింది? మొన విరిగి మళ్ళీ రుద్దినదైతే బ్లేడు పొట్టిదై, మూసినప్పుడు పిడి చివర ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది. నడుము దగ్గర సన్నబడి ఉంటే అక్కడే ఎక్కువగా నూరినట్టు. అబ్బ కత్తి మధ్యలో సన్నబడింది. ఆయన చేతి వాటం అది. కొత్తగా డబ్బాలో ఉన్న అంటు కత్తికి ఇవేవీ ఉండవు. డబ్బాలోంచి తీయని కత్తికే సంతలో ఎక్కువ ధర పలుకుతుందని తెలుసు, నేనూ అలాంటివి రెండు కొన్నాను, కానీ వాటిని ఒకసారి చూశాక మళ్ళీ చూడాలనిపించలేదు.

అవ్వ చెంబు

ఇక ఎదురు మాటలు. మొదటిది మా అవ్వదే. బఫింగ్ చేయించిన కత్తి చూపిస్తే ఆమె సంతోషపడింది. "కొత్తదాని మాదిరి చేసినావు నాయనా, మీ అబ్బ ఉంటే చూసుకునేటోడు" అంది. దీనికి ఏం చెప్పను? ఆమె చింతపండు పెట్టి ఇత్తడి సామాను తోమని పండగ లేదు. మన ఇళ్ళలో పాతదాన్ని గౌరవించడమంటే మెరిపించడమే. పెద్దవాళ్ళు వాడిన వస్తువును నల్లగా, మాసినట్టు వదిలేస్తే పట్టించుకోలేదని అర్థం. నల్లబడిన ఉక్కును చూసి ఆహా అనడం మనకు బయటి నుంచి వచ్చిన రుచి కాదా అని చాలా రోజులు అనుకున్నాను.

దానికి జవాబు అవ్వ పెళ్ళి చెంబు మీదే దొరికింది. దాని మెడ మీద ఆమె పుట్టింటివాళ్ళు పేరు కొట్టించారు. అరవై ఏళ్ళ తోముడుకు అక్షరాలు పలచబడ్డాయి, కానీ చదవొచ్చు. తోమేటప్పుడు ఆ చోట అవ్వ పీచు వాడదు, వేలితో చింతపండు రాసి వదిలేస్తుంది. నేను అడిగితే "పేరు పోతాది గదా" అంది, అదేం ప్రశ్న అన్నట్టు. అంటే ఎంత మెరిపించాలో, ఎక్కడ ఆగాలో ఆమె చేతికి తెలుసు. నేను చక్రానికి అప్పజెప్పినప్పుడు ఆ చెయ్యి లేదు. అయినా అవ్వ మాట పూర్తిగా కొట్టిపారేయలేను. అబ్బ ఉండుంటే మెరిసే కత్తి చూసి నిజంగానే సంతోషపడేవాడేమో. నాలుగో మొక్కకు బెరడు చిరిగేదాకా అయినా.

అరగదీసింది ఎవరు

రెండో మాట ఇంకా గట్టిది. బ్లేడులో మూడో వంతు ఉక్కును అరగదీసింది అబ్బే. రోజూ రాయి మీద పెట్టి ఉక్కు పోగొట్టినవాడిని మెచ్చుకుంటూ, ఒక్కసారి చక్రం మీద పెట్టినవాడిని తప్పు పట్టడమేమిటి? రెండింటిలోనూ పోయేది ఉక్కే.

దీని గురించి చాలా ఆలోచించాను. నాకు తట్టింది ఇది: నూరేవాడు వాదర దగ్గర, పనికి ఎంత కావాలో అంతే తీస్తాడు. ముద్ర జోలికి పోడు, వీపు జోలికి పోడు, పిడి జోలికి పోడు. అక్కడ ఆయనకు పని లేదు. బఫింగ్‌కు పని ఉన్న చోటూ లేని చోటూ ఒకటే. అందుకని ఇప్పుడు ఏ కత్తి ముందు పెట్టుకున్నా ఒకటే అడుక్కుంటాను: దీన్ని వాడిన మనిషి, వాడుతున్న రోజుల్లో, ఈ పని చేసేవాడా? నూనె వేసేవాడు. నూరేవాడు. మేకు వదులైతే సుత్తితో ఒక దెబ్బ వేసేవాడు. మొహం చూసుకోవడానికి బ్లేడు అద్దం చేసేవాడు కాదు.

తుప్పును అలాగే వదిలేయమని నేను అనడం లేదు. ఇది స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే నల్లదనాన్ని కాపాడాలని చదివి ఎర్ర తుప్పును కూడా కాపాడుతున్నవాళ్ళను చూశాను. నలుపు ఉక్కును అంటిపెట్టుకుని గట్టి పొరలా ఉంటుంది, కొంత కాపలా కూడా కాస్తుంది. ఎరుపు పొడిలా రాలుతుంది, కింద గుంటలు తవ్వుతూ పోతుంది. ఎరుపు పోవాలి. దానికి కుట్టు మిషను నూనె, ఓపిక, ఒక పాత రాగి కాణీ చాలు. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి తుప్పు లేస్తుంది, ఉక్కు గీసుకోదు. కీలులో మురికికి వెదురు పుల్ల. చెనిక్కాయ (వేరుశెనగ) నూనె మాత్రం వద్దు, మొదట బాగానే ఉంటుంది, ఆర్నెల్లకు కీలులో జిగురై పట్టేస్తుంది. కొన్ని కత్తులు తెరుచుకోవడానికి వారం రోజులు పట్టింది నాకు. వీడియో తీస్తే ఎవరూ చూడరు.

చిన్నాయన బ్లేడు

మూడో మాట చిన్నాయన నోటితో అన్నది కాదు, ఆయన చేతిలో కనిపించింది. ఆయన ఇప్పుడు అంటు కట్టేది గడ్డం గీసుకునే బ్లేడుతో. సగానికి విరిచి పట్టుకుంటాడు, మొద్దుబారితే పారేస్తాడు, ఇంకోటి తీస్తాడు. నర్సరీల్లో చాలామంది చేసేదీ అదే. నూరే పని లేదు, గాటు శుభ్రంగా పడుతుంది. కత్తిని నిజంగా వాడే మనిషికి పాత కత్తి అక్కర్లేదు, దాని మీద ప్రేమంతా జీవితంలో ఒక్క అంటూ కట్టని నా బోటివాడికే. ఇది నన్ను చాలా ఇబ్బంది పెట్టింది, ఇప్పటికీ పెడుతుంది. నేను దాచేది పనిముట్టునా, దాని చుట్టూ అల్లుకున్న నా ఊహనా?

కానీ ఆ పువ్వు కోసం గోటితో వెతికింది కూడా చిన్నాయనే. వాడకపోయినా గుర్తుంచుకున్నాడు. వాడకం పోయాక గుర్తు ఒక్కటే మిగులుతుంది, కాబట్టి దాన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి అనుకున్నాను. ఇది చిన్నాయనకు చెబితే ఒప్పుకుంటాడో లేదో.

కత్తులు దాచుకుంటానంటే సీమ బయట ఎలా చూస్తారో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. హైదరాబాదులో ఒక ఫంక్షన్‌లో ఈ మాట వస్తే పక్కనున్నాయన కుర్చీ జరుపుకున్నాడు. నా దగ్గర ఉన్నవాటిలో పెద్దదాని బ్లేడు నాలుగు అంగుళాలు. ఆయుధ నిబంధనల్లో లైసెన్సు పట్టిక చూస్తే తొమ్మిది అంగుళాల పొడవో రెండు అంగుళాల వెడల్పో దాటినవి, ఇంటి పనికీ వ్యవసాయానికీ కానివి కనపడతాయి. చీనీకాయ కోసే కత్తికి దానితో పోలిక లేదు. నన్ను నిజంగా ఆపే చట్టం వేరే ఉంది. కర్నూలులో ఒక పాత సామాన్ల అంగట్లో మంచి స్ప్రింగున్న కత్తి చూపించి "కణుజు కొమ్ము పిడి అన్నా, నల్లమలది" అన్నాడు, ధర పెంచడానికి. కణుజు అడవి జంతువు, దాని కొమ్ము 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. దంతం కూడా అంతే. కొనలేదు. ఎముక, చెక్క, ఇత్తడి, ఇవే నాకు చాలు.

అబ్బ కత్తి ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. మెరుపు తగ్గడానికి నిమ్మకాయలు కోస్తున్నాను దానితో. కొంచెం కొంచెంగా నలుపు తిరుగుతోంది, అక్కడక్కడా నీలం. కొందరు వెనిగర్‌లో ముంచి ఒక్కరోజులో నల్లగా చేస్తారు. నాకు అలా చేయబుద్ధి కాలేదు, మళ్ళీ ఇంకో దొంగ రంగు వేసినట్టవుతుంది. ముద్ర చోటు మాత్రం నున్నగానే ఉంది.

మామకు నిన్న రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. తర్వాత, వాళ్ళ నాయన ఆకు వక్క వేసుకునేటప్పుడు వాడిన మడత కత్తి ఒకటి బీరువాలో ఉందని, తుప్పు పట్టి తెరుచుకోవడం లేదని, అది బాగుచేయించాలనే అసలు ఆ వీడియో చూశానని అన్నాడు. అంగడికి ఇవ్వొద్దని, గుడ్డతో కూడా తుడవకుండా ఉన్నదున్నట్టు తెమ్మని చెప్పాను. ఆదివారం వస్తానన్నాడు. నూనె సీసా, వెదురు పుల్లలు, రాగి కాణీ బల్ల మీద తీసి పెట్టాను. భూతద్దం కూడా.